మూడో చరణం తర్వాత

నల్ల అట్ట, ఎర్ర గుడ్డ నడుము ఉన్న ఒక రిజిస్టరు నా బల్ల సొరుగులో ఉంది. రైల్వే సిగ్నల్ శాఖలో ముప్పై నాలుగేళ్ళు పనిచేసినవాడికి ఏది చెడిపోయినా చెయ్యి ముందు రిజిస్టరు మీదికే పోతుంది. ఎన్నింటికి చెడింది, ఏ చోట చెడింది, అప్పుడు వానా ఎండా, ఎవరు చూశారు, ఏం చేస్తే బాగుపడింది. ఆ చివరి గడి నిండేదాకా విషయం ముగిసినట్టు కాదు. ఈ రిజిస్టరులో మాత్రం సిగ్నలు దీపాల సంగతి లేదు. సూరత్‌లో మా ఫ్లాటులో మా అమ్మ పాట ఎప్పుడెప్పుడు మధ్యలో తెగిపోయిందో రాసి ఉంది.

అమ్మ పాట అంటే ఒకే ఒక్క పాట. నాలుగు చరణాల హారతి పాట. అది ఏ పుస్తకంలోనూ లేదు. మా ఇంటి ఆడవాళ్ళు తమలో తాము కట్టుకుని, తమలో తాము పాడుకున్నది. మా దివాణంలో ఆడవాళ్ళకు ఘోషా ఉండేది. పరాయి మగవాళ్ళు సావిట్లో కూర్చుంటే మధ్యలో తెర దిగేది. ఒకసారి నాన్నగారి స్నేహితుడొకరు పట్నం నుంచి స్పూలు టేపు యంత్రం తెచ్చారు. ఆయన, నాన్నగారు సావిట్లో ఇటువైపు కూర్చున్నారు. అమ్మ తెరకు అటువైపు కూర్చుని పాడారు. మైకు ఒక్కటే తెర కింద నుంచి లోపలికి వెళ్ళింది. అక్కయ్య అమ్మతో లోపల ఉన్నారు. నాకు ఎనిమిదేళ్ళు. ఏడు నిండిన మగపిల్లవాడు మగవాళ్ళ వైపు కూర్చోవాలి కాబట్టి నేను నాన్నగారి పక్కన, నడుము నిటారుగా పెట్టి కూర్చున్నాను. ఇప్పటికీ అలాగే కూర్చుంటాను. కుర్చీకి వీపు ఆనించడం నాకు చేతకాదు.

ఆ వారంలోనే నన్ను చదువుకని మేనమామగారి ఊరు పంపేశారు. రెండేళ్ళు తిరిగేసరికి అమ్మ లేరు.

అమ్మ వడ్డిస్తే చూశాను, జడ వేసుకుంటే చూశాను, కోప్పడితే చూశాను. పాడుతుంటే ఆవిడ ముఖం ఎలా ఉండేదో మాత్రం నాకు తెలియదు. ఇంట్లో మామూలు రోజుల్లో ఆవిడ పాడేవారు కాదు. పేరంటాల్లో పాడేవారు, అప్పుడు నేను తెరకు ఇవతల. ఈ వయసులో మనిషికి ఇలాంటి బెంగ ఉండడం నవ్వొచ్చే విషయమే. మా ఆవిడ దగ్గర తప్ప ఎక్కడా అనలేదు. ఆవిడ కూడా నవ్వలేదు.

టేపు ఆ స్నేహితుడి ఇంట్లోనే ఉండిపోయింది. పోయిన దీపావళికి ముందు వాళ్ళ కోడలు అటక దులుపుతుంటే దొరికిందట, తెచ్చి అక్కయ్య చేతికిచ్చింది. అక్కయ్య మా జిల్లాలోనే, ఒక చిన్న అద్దె ఇంట్లో ఉంటారు. దాన్ని పాత పట్టు జాకెట్టులో చుట్టి నాకు పంపి, ఫోను చేశారు.

"తమ్ముడుగారూ, దీన్ని వినిపించే యంత్రం ఈ ఊళ్ళో ఎవరి దగ్గరా లేదండి. మీ ఊళ్ళో చూడండి. కాస్త తొందరగా చూడండి."

మా ఇళ్ళల్లో చంటిపిల్లల్ని కూడా మీరు అనే అంటారు. దివాణం ఇప్పుడు ఎరువుల గిడ్డంగి. భూములు ఎవరెవరి చేతుల్లో ఉన్నాయో నాకు తెలియదు, తెలుసుకోవాలని లేదు. ఆ మీరు అన్న మాట ఒక్కటి మాత్రం ఎవరూ తీసుకుపోలేదు.

తొందరగా అని అక్కయ్య ఎందుకన్నారో ఆ తర్వాత చెప్పారు. ఎడమ చెవి ఎప్పుడో పోయింది. కుడి చెవి కూడా పోతోందట, డాక్టరు దాచకుండా చెప్పేశాడట. చెవిలో పెట్టుకునే మిషను ఇంకొన్నాళ్ళు పనిచేస్తుంది, ఆపైన అదీ చెయ్యదు. "ఉన్న చెవితో ఒక్కసారి అమ్మ పాట మొత్తం వింటానండి. అంతే," అన్నారు. సంక్రాంతి హడావిడి అయ్యాక మా ఇంటికి వచ్చి పది రోజులుండేలా మాట తీసుకున్నాను.

స్టేషను దగ్గర ఒక పాత ఫొటో స్టూడియోలో టేపును కంప్యూటరు ఫైలుగా మార్చి ఇచ్చారు. అప్పుడు నేనొక షరతు పెట్టాను. చెవులకు తగిలించుకుని వినాలి తప్ప దుకాణంలో పైకి మోగించకూడదు. షాపువాడు నవ్వాడు. "కాకా, గానా హై, ఖజానా థోడీ హై?" అన్నాడు. పాటే కదా, ఖజానా ఏమీ కాదు కదా అని. వాడు పని చేస్తున్నంతసేపూ దుకాణం బయట నిలబడ్డాను.

పుణెలో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి ఫోనులో చెబుతుంటే ఇంట్లో ఏర్పాటు చేశాను. ముందుగదిలో గోడ గూట్లో వైఫై డబ్బా ఉంటుంది. దాని పక్కనే మా పాత కంప్యూటరును పెట్టి, డబ్బాకు వైరుతో కలిపాను. పాట అందులో ఉంటుంది. గదికి రెండో వైపు టేకు స్టూలు మీద కొత్త స్పీకరు. దానికి కరెంటు తీగ తప్ప ఇంకే తీగా లేదు. ఫోనులో ఒక నొక్కు నొక్కితే పాట డబ్బాలోంచి గాలిలో స్పీకరుకు వెళ్ళి వినపడుతుంది.

"అంటే అమ్మ గొంతు ఇంటర్నెట్టులోకి వెళ్తుందా?" అని అడిగాను.

"లేదు నాన్నగారూ. బయట లైను తెగిపోయినా మోగుతుంది. ఆ పాట మన గుమ్మం దాటదు," అంది అమ్మాయి.

ఆ మాటకు నాకు ఎంత తృప్తి కలిగిందో అమ్మాయికి చెప్పలేదు.

ఇక తెర సంగతి. సావిట్లో దిగే ఆ తెరే. పంపకాల్లో నా వంతుకు ఒక నిలువెత్తు ముక్క వచ్చింది. కింది పట్టు కనపడనంత దట్టంగా వెండి జరీ నేసిన తెర అది, మొత్తం తెరనైతే ఒక్క మనిషి ఎత్తలేడు. ఉద్యోగంలో నేను ఎన్ని ఊళ్ళు మారినా ట్రంకులో నా వెంట తిరిగింది. సూరత్ వచ్చాక సలాబత్‌పురాలో ఒక ముసలి జరీ పనివాడికి చూపించాను. వేలితో నిమిరి, మరుక్షణం "ఇది ఈ ఊరి జరీయే, సాబ్. మా తాతల నాటి సరుకు. అసలు చాందీ," అన్నాడు హిందీలో, అసలు వెండి అని. మా ముత్తాతగారు తెర ఎక్కడి నుంచి తెప్పించారో ఇంట్లో ఎవరికీ తెలియదు. తెర తిరిగి పుట్టింటికి వచ్చిందన్నమాట. నేనే ఇంకా పరాయి ఊళ్ళో ఉన్నాను.

దాన్ని ఆయన దగ్గరికి తీసుకెళ్ళింది రఫ్ఫు కోసం, దారాలు అల్లి చిల్లు పూడుస్తారని. తెరకు ఒక అంచున, నేల మీద కూర్చున్న మనిషి తలెత్తున, బొటనవేలు పట్టేంత చిల్లు ఒకటి ఉంది. ఇంటికి వచ్చినవాళ్ళు తెరను చూసి ముచ్చటపడుతున్నప్పుడు నా కళ్ళు ఆ చిల్లు దగ్గరే తచ్చాడేవి. ఎలుక కొట్టిందని చెప్పాను. ముసలాయన కళ్ళద్దాలు పైకి నెట్టి చూశాడు. "ఎలుక కొరికితే దారం తెగుతుంది, సాబ్. ఇక్కడ దారాలు తెగలేదు. ఎవరో పక్కకు జరిపారు. చాలాసార్లు జరిపితే ఇలా అవుతుంది," అన్నాడు. రఫ్ఫు చేయడానికి నెల పడుతుందన్నాడు. అక్కయ్య వచ్చేనాటికి తెర గోడ మీద ఉండాలి కాబట్టి వెనక్కి తెచ్చేసి, ముందుగదిలో గూటికి అడ్డంగా వేలాడదీశాను.

గూటికి అడ్డంగా ఎందుకంటే, మిణుకు మిణుకుమనే ప్లాస్టిక్ డబ్బా ముందుగదిలో కనపడడం నాకు నచ్చదు. అది ఒక కారణం. రెండోది, అమ్మ పాట తెర వెనక నుంచే రావాలి. పాట పెట్టే ముందు తెర దించి, మడతలు సర్ది, నా కుర్చీలో కూర్చునేవాణ్ణి. అలా కూర్చుంటే అది మా సావిడే.

మొదటి రోజే పాట రెండో చరణంలో తెగింది. ఐదారు క్షణాలు ఏమీ లేదు. మళ్ళీ ఎక్కడి నుంచో అందుకుంది. మళ్ళీ తెగింది. మూడో చరణం తర్వాత మరోసారి. నాలుగో చరణం సగం వినపడి, సగం మాయమైంది. రిజిస్టరు తీశాను.

మా శాఖలో పద్ధతి ఒకటుంది. లైను మొత్తాన్ని అనుమానించకూడదు. ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కను నిర్దోషి అని తేల్చుకుంటూ పోవాలి. కింది అంతస్తులో ఎంబ్రాయిడరీ మిషన్లు తొమ్మిదింటికి మొదలవుతాయి. వాటిని అనుమానించాను, కానీ మిషన్లు మూసి ఉండే రోజున కూడా తెగింది. వంటింట్లో మైక్రోవేవ్ తిరుగుతుంటే వైఫైకి అడ్డం అవుతుందని అమ్మాయి చెబితే మూడు రోజులు పాలు పొయ్యి మీదే కాచాం. కంప్యూటరుకూ డబ్బాకూ మధ్య వైరు మార్చాను. పక్క ఫ్లాట్ల వైఫైలన్నీ ఒకే దారిలో గుమిగూడతాయని అమ్మాయి అంటే, డబ్బాలో దారి నంబరు మార్చాను. స్పీకరును స్టూలుతో సహా నాలుగడుగులు ముందుకు జరిపాను. కాస్త నయమనిపించింది, మర్నాడు మళ్ళీ మామూలే. అన్నీ రిజిస్టరులో ఉన్నాయి. గాలి వాటం కూడా ఉంది.

మా ఆవిడకు ఇదంతా వినోదంగా ఉండేది.

"నేను పెడితే ఆగదు కదండీ," అంది ఒక రోజు, పళ్ళెంలో పొంక్ తెచ్చి ఇస్తూ. శీతాకాలం ఇక్కడ లేత జొన్నలు కాల్చి, నూర్చి అమ్ముతారు, దాన్నే పొంక్ అంటారు. ఆవిడకు ఈ ఊళ్ళో అన్నిటికన్నా నచ్చినది అదే.

"మీరెప్పుడు పెట్టారు?"

"రోజూ పెడతాను. మీరు కూరలకు వెళ్ళినప్పుడు. ఇల్లు ఊడుస్తూ వింటాను. చక్కగా నాలుగు చరణాలూ వస్తాయి."

"ఎక్కడా తెగదా?"

"తెగదు. మీరు పెద్దమనిషిలా కుర్చీలో కూర్చుంటేనే తెగుతుంది. అత్తగారికి మీరంటే మొహమాటం కాబోలు."

నేను దాన్ని హాస్యం కింద కొట్టిపారేశాను. రిజిస్టరులో మటుకు ఆవిడ వాంగ్మూలం రాశాను: ఉదయం పదింటికి, గృహిణి సమక్షంలో, లోపం లేదు. మా శాఖలో అందరికీ చిరాకు పుట్టించే మాట ఒకటుండేది. చెడిందని కబురొస్తే ఎండలో ట్రాలీ వేసుకుని వెళ్తాం. తీరా వెళ్ళేసరికి సిగ్నలు శుభ్రంగా పడుతూ లేస్తూ ఉంటుంది. ఇంక చేసేదేముంది, చివరి గడిలో "చూసేసరికి సరిగానే ఉంది" అని రాసి తిరిగొస్తాం. ఆ మాట రాసిన రోజు అన్నం సహించదు. లోపం ఎక్కడో దాక్కుని మనల్ని చూస్తున్నట్టు ఉంటుంది.

అమ్మాయి ఫోనులోనే వినమంది, చెవుల్లో పెట్టుకుని వినమంది. "చొక్కా జేబులోంచి వినడానికి మా అమ్మ రేడియో కాదు," అన్నాను. పైగా అక్కయ్య చెవి మిషను మీద ఇంకొకటి పెట్టుకోలేరు. ఆవిడకు పాట గదిలో వినపడాలి, ఎదురుగా మనిషి పాడుతున్నట్టు.

వీధి తీగలన్నింటికీ తెగిన గాలిపటాల మాంజా వేలాడుతున్న వారంలో అక్కయ్య రైలు దిగారు. అంతకుముందు చూసినప్పటికన్నా చిన్నగా అయిపోయారు. కుడి చెవిలో లేత గోధుమ రంగు మిషను. మాట్లాడేటప్పుడు నా పెదవుల వంక చూస్తున్నారు. ఇంటికి రాగానే ముందుగదిలో తెర చూసి ఆగిపోయారు. దగ్గరికి వెళ్ళి అంచు పట్టుకున్నారు. నేను మాత్రం తెర అక్కడ వేలాడుతున్నందుకు చాలా గర్వపడ్డాను.

ఆ మధ్యాహ్నమే వినిపించాను. లోపం తేలకుండా వినిపించడం నాకు ఇష్టం లేదు. అక్కయ్యే ఆగలేదు. తెర దించాను. అక్కయ్య కింద చాప మీద కూర్చున్నారు, నేను కుర్చీలో. పల్లవి వచ్చింది. అక్కయ్య చెయ్యి నోటికి అడ్డం వెళ్ళింది. మొదటి చరణం. రెండో చరణం మధ్యలో పాట తెగింది.

అక్కయ్య చెవి మిషను మీద వేలితో తట్టారు. పాట వచ్చింది. మళ్ళీ తెగింది. మళ్ళీ తట్టారు, తీసి ఊదారు, పెట్టుకున్నారు. నేను లేచి ఫోను చూస్తున్నాను. మూడు నాలుగు సార్లు అలా అయ్యాక ఆవిడ మిషను తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"పోయిందండి, తమ్ముడుగారూ. నా చెవే పోయింది. ఆలస్యం చేశాను," అన్నారు. చిన్న గొంతుతో అన్నాననుకున్నారు కానీ ఇల్లంతా వినపడింది.

"మీ చెవి కాదు అక్కయ్యా. యంత్రం. ఈ యంత్రం లోపం," అని గట్టిగా చెప్పాను. ఆవిడ నా పెదవులు చూడడం లేదు. తెర వైపు చూస్తున్నారు. మా ఆవిడ వచ్చి పక్కన కూర్చుని, చెవి మిషను ఆవిడ చేతిలోంచి తీసుకుని చీర చెంగుతో తుడిచి పెట్టింది.

మా వీధిలో లైన్లు చూసే కేబులాయన తెలుగువాడే. ఈ ఊళ్ళోనే బమ్రోలిలో ఉంటాడు. యాభై దాటాయి. తండ్రి కరీంనగర్ వైపు నుంచి మగ్గాల మీద పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడట. ఇతను కూడా జరీ కార్ఖానాలో చాలా ఏళ్ళు చేసి తర్వాత తీగల పనిలో పడ్డాడు. పతంగుల పండుగ తర్వాత అతను దొరకడం కష్టం, సగం ఊరి తీగలు మాంజా కోసేసి ఉంటుంది. వారం నుంచి చెబుతున్నాను. అక్కయ్య వచ్చిన మర్నాడు పొద్దున తలుపు కొట్టాడు.

"ఏంది సారూ, పదిసార్లు ఫోన్ చేసిండ్రు. నెట్ నడుస్తలేదా?"

"నెట్ నడుస్తోంది. ఇంట్లో పాటే తెగుతోంది."

నేను రిజిస్టరు తెరిచి పెట్టాను. అతను నిలబడే నాలుగు పేజీలు తిప్పాడు.

"జబర్దస్త్ రాసిండ్రు సారూ. గాలి గిట్ల రాసిండ్రు. డబ్బా ఎక్కడుంది?"

తెర వైపు చూపించాను. అతను చెప్పులు గుమ్మంలోనే విడిచి లోపలికి వచ్చాడు. తెర ముందు నిలబడి, పైనుంచి కిందికి చూసి, బొటనవేలూ చూపుడు వేలూ మధ్య అంచు పట్టుకుని నలిపాడు. అతని ముఖం మారింది.

"ఇది అసల్ చాందీ గద సారూ."

"అవును. మా ఇంటి తెర."

"గీ ముసుగు ఎప్పుడూ గిట్లనే ఉంటదా?"

"పాట పెట్టేటప్పుడు దించుతాను. మామూలప్పుడు డబ్బా కనపడనంత వరకే కప్పి ఉంటుంది."

అతను నా వంక చూశాడు. రిజిస్టరు వంక చూశాడు. తర్వాత మా ఆవిడ వైపు తిరిగాడు.

"అమ్మా, మీరు ఇల్లు ఊడ్సేటప్పుడు ఇది లేపుతరా?"

"దుమ్ము పడుతుందని పైకి దోపి ఊడుస్తాను," అంది ఆవిడ.

"గదీ సంగతి." అతను పకపకా నవ్వాడు. "సారూ, గోడ్లె డబ్బా పెట్టిండ్రు. ఎన్కల లిఫ్టు గోడ, ముంగట చాందీ గోడ. చాందీ అంటే లోహమే గద. లోహం అడ్డం పెట్టి సిగ్నల్ రమ్మంటే ఎట్లొస్తది? రైల్వేల సిగ్నల్ చూసినోళ్ళు మీరు. నేను చెప్పాల్నా?"

లోహపు పెట్టెలో పెడితే రేడియో పనిచేయదని నేను ఎంతమంది కొత్తవాళ్ళకు చెప్పి ఉంటాను. జరీ లోహమని తెలుసు. వెండి అని తెలుసు, అసలుది అని ఊరంతా తిరిగి రుజువు చేయించుకున్నాను. ఆ రిజిస్టరులో మిషన్లు, మైక్రోవేవు, గాలి, పాలు అన్నీ ఉన్నాయి. తెర లేదు. తెరను అనుమానించాలని నాకు తోచనే లేదు.

"ఇప్పటి ప్లాస్టిక్ జరీ ఐతే గింత ఆపకపోవు, సారూ. ఇది అసలుది, ఆపింది," అన్నాడు. ఓదార్పుకు అన్నాడో ఎత్తిపొడుపుకు అన్నాడో తెలియలేదు. "జర ఇటు పట్టుండ్రి. దించుదాం."

ఇద్దరం కలిసి తెరను కొక్కేల నుంచి దించి మడత పెట్టాం. డబ్బా పచ్చగా మిణుకుతూ బయటపడింది. మడత పెడుతున్నప్పుడు అతను తెర బరువు చేతుల్లో తూచి చూసుకున్నాడు.

"మా తాత దొర గడీ ముంగట చెప్పులిడ్సి నిలవడేటోడంట. లోపల పరదా ఉంటదని చెప్పేటోడు గానీ ఎన్నడు చూడలే. గిప్పుడు నేను దొర ఇంట్ల పరదా దించిన," అన్నాడు.

"ఇక్కడ దొరలెవరూ లేరు," అన్నాను.

"ఉన్నరు సారూ. కూసునే తీరు చూస్తె తెలుస్తలేదా?"

మా ఆవిడ నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి వెళ్ళిపోయింది. నాకు కోపం రాలేదు. రావలసిందని మాత్రం తోచింది. అతను ఫోను తీసుకుని పాట నొక్కాడు. పల్లవి, మొదటి చరణం గదంతా నిండుగా వచ్చాయి. మొదటి చరణం అయ్యాక తనే ఆపేశాడు.

"ఇంగ మీరు వినుండ్రి. అమ్మ గొంతు ఇంట్లోళ్ళే వినాలె," అన్నాడు.

అమ్మ గొంతు గుమ్మం దాటకూడదన్న నా పట్టుదల సంగతి నేను అతనికి చెప్పలేదు. గుమ్మం దాకా వెళ్ళి, అతనికి టీ ఇవ్వకుండా పంపుతున్నానని గుర్తొచ్చి వెనక్కి పిలిచాను. అప్పటికే మెట్లు దిగుతున్నాడు. ఇంకో ఇంట్లో తీగ తెగిందట.

అక్కయ్యను చాప మీద కూర్చోబెట్టాం. చెవి మిషనుకు కొత్త బ్యాటరీ వేశాను. తెర లేని గూడు నాకు బోసిగా, సిగ్గుగా కనిపించింది. మడతపెట్టిన తెర అక్కయ్య పక్కనే ఉంది. ఆవిడ దాని మీద చెయ్యి వేసుకున్నారు. నేను కుర్చీలో కూర్చోబోయాను.

"కింద కూర్చోండి, తమ్ముడుగారూ. ఇటు," అన్నారు.

నేను నేల మీద కూర్చుని ఎన్నేళ్ళయిందో. అక్కయ్య పక్కన, గోడకు దగ్గరగా కూర్చున్నాను. మా ఆవిడ పాట నొక్కింది.

పల్లవి వచ్చింది. తీగ లేకుండా, అడ్డు లేకుండా, అమ్మ గొంతు. చివర కొంచెం బొంగురు. ఆ బొంగురు నాకు గుర్తే లేదు. మొదటి చరణం, రెండో చరణం. అక్కయ్య పెదవులు కదులుతున్నాయి. రెండో చరణం మధ్యలో తెగే చోటు దాటిపోయింది, మళ్ళీ తెగే చోటూ దాటిపోయింది. మూడో చరణం సాగింది. దాని చివర "హారతీ" అని దీర్ఘం తీసి, పాట ఆగిపోయింది.

మూడో చరణం తర్వాత. రిజిస్టరులో ప్రతి రోజూ ఉన్న వరుస. ఇంకేదో లోపం ఉంది, తెర ఒక్కటే కాదు. ఫోను కోసం లేవబోయాను.

అక్కయ్య చెయ్యి నా మోకాలి మీద పడింది. ఆవిడ చెవి మిషనును తట్టలేదు.

"కూర్చోండి. పోలేదు," అన్నారు. "ఇక్కడ అమ్మ మిమ్మల్ని చూస్తున్నారు."

నాకు అర్థం కాలేదు. అక్కయ్య తెర మడతలు విప్పి, అంచు వెతికి, ఆ చిల్లు దగ్గర వేలు పెట్టారు.

"తలపిన్నుతో చేసుకున్నారు ఇది. మిమ్మల్ని మగవాళ్ళ వైపు కూర్చోబెట్టిన రోజు నుంచి. టేపు పట్టిన రోజు పాట మధ్యలో ఆపి, వంగి, దీంట్లోంచి చూశారు. నేను కొంగు పట్టుకు లాగాను, యంత్రం తిరుగుతోంది అమ్మా అని. ‘ఎలా కూర్చున్నారో చూడండి, చిన్న జమీందారులాగ,’ అన్నారు చెవిలో. నవ్వుతున్నారు. ఏడుస్తున్నారు కూడా. మిమ్మల్ని పంపేస్తున్నారని ఆవిడకి తెలుసు కదా."

అప్పుడు స్పీకరులో ఒక చిన్న చప్పుడు వినపడింది. గాజులు కదిలినట్టు. ఆ వెనకే నాలుగో చరణం వచ్చింది. గొంతు కాస్త వణికి, సర్దుకుంది.

నేను ఆ చరణం నిటారుగా కూర్చుని వినలేదు. గోడకు ఆనుకుని విన్నాను.

తర్వాత మా ఆవిడను అడిగాను, రోజూ వింటారు కదా, ఆ మౌనం మీకు తేడాగా అనిపించలేదా అని. "ఆవిడ ఎవరి కోసమో చూస్తున్నారనుకున్నానండి. పాటల్లో ఆడవాళ్ళు అలా చూస్తారు," అంది.

అక్కయ్య ఉన్న పది రోజులూ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పాట విన్నారు. ఒక్కసారి కూడా చెవిని తట్టలేదు. తెరను నేను మళ్ళీ గోడకు ఎక్కించలేదు. వచ్చినవాళ్ళు గూట్లో మిణుకుతున్న డబ్బాను చూసి పోతున్నారు. సలాబత్‌పురా ముసలాయన రెండుసార్లు కబురు చేశాడు, రఫ్ఫుకు ఎప్పుడు తెస్తారని. అవసరం లేదని చెప్పి పంపాను.

అక్కయ్యను రైలెక్కించి వచ్చిన రోజు రిజిస్టరు ముందు పెట్టుకున్నాను. తెగిన ప్రతి చోటుకూ ఎదురుగా చివరి గడిలో కారణం రాశాను: తెర. మూడో చరణం తర్వాత అన్న వరుసలు మిగిలాయి. కొట్టేద్దామనుకున్నాను, కానీ మా శాఖలో కొట్టివేతలు ఒప్పుకోరు. అన్నింటికీ ఎదురుగా, మా వాళ్ళు రాసే మాటే, నా చేతి రాతలో రాశాను.

చూసేసరికి సరిగానే ఉంది.